రెండు చెలకలు, ఒకటే మంద

కురుమ భీమప్పను ఒక చోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. పెళ్ళిపీటల మీద నుంచి కూడా లేచిపోయి, దొడ్లో గొర్రెలు ఎందుకు అరుస్తున్నాయో చూసి వచ్చిన ఘనుడు ఆయన. ఆ పెళ్ళి పోలీస్ యాక్షన్‌కు పదేళ్ళ ముందే అయింది. అప్పటినుంచీ భార్య హన్మమ్మ ఆ మాట ఎత్తిపొడవని పండగ లేదు. "గీయనతోని నా లగ్గం సగమే అయింది, తక్కిన సగం గొర్రెలతోని అయింది" అంటుంది. భీమప్ప వినీ విననట్టు భుజాన గొంగడి వేసుకుని బయటికి నడుస్తాడు.

అలాంటి మనిషిని పందొమ్మిది వందల అరవై ఆరో సంవత్సరం ఎండాకాలం తెచ్చి ఇంట్లో పడేసింది. వానలు తప్పాయి. చెలకల్లో, ఆ మెట్టచేలల్లో, గడ్డిపోచ లేదు. కాగ్నా నదిలో చెలిమె తవ్వితే ఇసకే తప్ప తడి లేదు. ఊళ్ళో కురుమలందరూ మందలు తోలుకుని కన్నడం మాట్లాడే ఊళ్ళవైపు సాగిపోయారు. భీమప్ప మందను కొడుకు మల్లప్ప తోలుకుపోయాడు. నిజానికి భీమప్ప కూడా పోవలసినవాడే. కానీ ఆ ఏడు ఆయన మెడకు ఒక పెద్దరికం చుట్టుకుంది.

వాళ్ళ పల్లె ధారూర్‌కూ తాండూరుకూ మధ్య రైలుపట్టాల పక్కన ఉంది. కరువు ముదిరేసరికి తాండూరు వ్యాపారులు కొందరు కలిసి జొన్నలు పోగుచేశారు. చుట్టుపక్కల పల్లెల్లో పొయ్యి రాజని ఇళ్ళకు వారం వారం పంచుదామని ఒక సంఘం పెట్టారు. జనం వాటిని ధర్మగింజలన్నారు. సంఘానికి పెద్ద రాధాకిషన్ సేటు, కందిపప్పు మిల్లు యజమాని. పల్లెకొక నమ్మకస్తుణ్ణి పిలిచి, "మీ ఊళ్ళ ఎవరికియ్యాల్నో, ఎవరికియ్యొద్దో నువ్వే చెప్పు" అన్నాడు. గింజలు తక్కువ, కడుపులు ఎక్కువ. అందుకని ఒక నియమం పెట్టుకున్నారు: ఇంకో దారిన సాయం దొరికేవాళ్ళకు ఈ గింజలు లేవు. నియమం మంచిదే. ఎవరూ తప్పు పట్టలేదు.

మా ఊరికి భీమప్ప అని ఊరంతా ఒక్క నోట చెప్పింది. ఎందుకంటే ఆయన మాట మీద నిలబడేవాడు. మాట అంటే మామూలు మాట కాదు, మంద మాట.

మందమాట సంగతి తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. కోతలయ్యాక గొర్రెల మందను రాత్రిళ్ళు రైతు చెలకలో కడతారు. పెంటికలూ ఉచ్చా పడి నేల బలుస్తుంది. దానికి రైతు జొన్నలు కొలుస్తాడు. అయితే అప్పుడే కొలవడు, తర్వాతి పంటకు కొలుస్తాడు. అప్పటిదాకా కురుమ ఇంట్లో ఉండేది ఉత్త మాటే. ఆ మాట మీదే దుకాణంలో ఉప్పూ మిరపకాయలూ ఇస్తారు, ఆ మాట మీదే పిల్లల పెళ్ళిళ్ళు కుదురుతాయి. రైతు మాటిచ్చాడంటే గింజలు గాదెలో పడ్డట్టే లెక్క. భీమప్ప తాతల నాటినుంచీ మాట ఇచ్చి గింజ కొలవని రైతు ఆ చుట్టుపక్కల లేడు. ఉంటే వాడి చెలకలో మళ్ళీ ఏ మందా అడుగు పెట్టదు. అదీ కట్టుబాటు. భీమప్ప ఆ కట్టుబాటులో పుట్టి, అందులోనే నెత్తి నెరిసినవాడు.

ఇక జంగమ్మ విషయం. ఆమె భీమప్పకు అత్త వరస. మొగుడు పోయి చాలా కాలమైంది, ఒక్కగానొక్క బిడ్డ కాన్పులో పోయింది. ఊరి చివర గుడిసెలో కూర్చుని కదురు మీద ఉన్ని వడికి, గొంగళ్ళు నేసేవాళ్ళకిచ్చి బతికేది. మందలు ఊరు దాటిపోయాక ఉన్ని ఎక్కడిది? కదురు చూరులో దోపేసి కూర్చుంది. అంతకుముందు చలికాలంలోనే ముసలివాళ్ళకు సర్కారు పింఛన్ ఇస్తోందని విని, భీమప్పే ఆమెను రైలెక్కించి వికారాబాద్ తీసుకుపోయి దరఖాస్తు మీద వేలిముద్ర వేయించాడు. అక్కడి పెద్ద సాహెబు మంచివాడు. "వస్తుంది పో అవ్వా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. భీమప్ప ఆ మాటను చెవులారా విన్నాడు.

తాండూరులో మిల్లు అరుగు మీద సంఘం కూర్చుంది. భీమప్ప మాత్రం స్తంభాన్ని ఆనుకుని నిలబడే ఉన్నాడు. ఒక్కొక్క పేరే నడిచింది. కాశమ్మకు ఇవ్వాలి, మొగుడు మంచం పట్టాడు. చాకలి మొగులమ్మకు ఇవ్వాలి, ఇంటి నిండా పిల్లలు. అన్నిటికీ సేటు సరే అన్నాడు. జంగమ్మ పేరు వచ్చింది.

"ఈమెకు ఇంకేమన్న ఆధారం ఉన్నదా?" అని అడిగాడు రాధాకిషన్.

భీమప్ప అబద్ధం ఆడితే ఒక్క మాటతో పోయేది. ఆడలేదు. పైగా ఆమె తన అత్త వరస. తన చుట్టమని చెప్పి పేరు ఇరికించాడని అంటే రేపు ఊళ్ళో తల ఎత్తుకునేదెట్లా అని లోపల ఒకటే పీకులాట.

"పింఛన్‌కు దరఖాస్తు పెట్టుకున్నది సేటు. వస్తదని సాహెబు మాటిచ్చిండు."

"వస్తదంటే? ఉన్నట్టా, లేనట్టా? నీ ఊరు, నీ మనిషి. నువ్వు చెప్పిందే నేను రాసుకుంట."

భీమప్ప క్షణం కూడా ఆలోచించలేదు. మాట ఉంటే గింజ ఉన్నట్టేనని ఆయనకు తల్లిపాలతో అబ్బిన లెక్క.

"ఉన్నట్టే" అన్నాడు.

జంగమ్మ పేరు పక్కన పెట్టారు. పింఛన్ సంగతి తేలాక చూద్దాం అన్నారు. అందరి ముందూ చుట్టరికం చూడకుండా న్యాయం చెప్పానన్న తృప్తితో భీమప్ప రైలెక్కాడు. ఆ తృప్తి ఇల్లు చేరేదాకే.

హన్మమ్మ విన్నది. చేతిలో చీపురు అలాగే పట్టుకుని మొగుణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది.

"ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట! రాని పింఛన్ లెక్కల పట్టి, వచ్చే గింజలు ఆపి వస్తివా? ముసల్ది ఏం తినాలె, సాహెబు మాట తినాల్నా?"

"నీకేం ఎరుక? మాటిచ్చిండు."

"మాటిచ్చినోడు మన రైతా? వాని చెలకల మంద కట్టినమా? రేపు ఇయ్యకపోతే ఏం జేస్తవ్, వాని ఆఫీసు ముంగట గొర్రెలు తోలుడు బంద్ జేస్తవా?"

భీమప్ప గొంగడి భుజాన వేసుకుని బయటపడ్డాడు. కాళ్ళు ఆయన్ని జంగమ్మ గుడిసె ముందుకే తీసుకుపోయాయి.

జంగమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. సంగతంతా చెప్పాడు.  చివరికి తన వాళ్ళందరికీ తెలిసిన సామెతను అడ్డం పెట్టుకున్నాడు.

"ఒక్క మందను రెండు చెలకలల్ల కడ్తమా అత్తా? కట్టరాదు గద. గట్లనే ఇది గూడ."

"నిజమే కొడకా, కట్టరాదు" అంది జంగమ్మ. "నువ్వు జెప్పింది ధర్మమే. నా కోసం నీకు మాట రావొద్దు."

ఒక్క ముక్క తిట్టినా భీమప్ప ప్రాణం కుదుటపడేది. ఆమె తిట్టలేదు.

ఆ రోజునుంచి హన్మమ్మ తమకున్న దాంట్లోనే ఇంత జొన్నగటక గిన్నెలో పెట్టి పంపించేది. పరాయి ఇంటి గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదని జంగమ్మ పట్టుదల. మొదట్లో గుప్పెడు చింతచిగురు వేసి పంపింది. తర్వాత నాలుగు ఎండు రేగుపండ్లు. తర్వాత పొలం గట్టున ఏరిన పిడకముక్కలు. ఆ తర్వాత వేయడానికి ఏమీ లేకపోయింది. గిన్నె తీసుకుపోతే, "తిన్న బిడ్డా, కడుపు నిండింది, కొండవో" అని గుమ్మం దగ్గరే తిప్పి పంపడం మొదలుపెట్టింది. హన్మమ్మ బతిమాలింది, కోప్పడింది, గిన్నె అక్కడ పెట్టేసి కూడా వచ్చింది. పెట్టిన గిన్నె పెట్టినట్టే తెచ్చి ఇంటి అరుగు మీద పెట్టిపోయింది ముసలిది. అభిమానం అంటే అట్లా ఉంటుంది మరి, కడుపు మాట వినదు.

భీమప్పకు ఇంట్లో నిలవబుద్ధి కావడం లేదు, బయటా తోచడం లేదు. ఊళ్ళో ఎంకయ్య దుకాణానికి పోయాడు.

"జంగమ్మత్తకు జర జొన్నలియ్యి. పింఛన్ రాంగనే ఇస్తది. నాది మాట."

ఎంకయ్య తరాజు కింద పెట్టి నవ్వాడు. "నీ మాట మీద నీకిస్త భీమప్పా, ఎన్నడన్న కాదన్ననా? గని సర్కారు మాట మీద ఉప్పురాయి గూడ ఇయ్య. నా తమ్ముడు సర్కారు తవ్విస్తనన్న బాయి కోసం ఇంకా ఎదురు చూస్తుండు. వానికిప్పుడు మనవలు పుట్టిండ్రు."

అక్కడున్న వాళ్ళంతా ఫక్కున నవ్వారు. భీమప్ప నవ్వలేదు. ఎంకయ్య కూడా నమ్మని మాటను తాను గింజ కింద కొలిచి వచ్చాడన్నమాట. ఛీ, ఎంత పని చేశాన్రా అనిపించింది. తాను ఏ లెక్కతో ఇన్నేళ్ళు బతికాడో ఆ లెక్క తన కురుమవాడకూ, తన రైతులకూ మాత్రమే చెల్లుతుందని ఆ దుకాణం ముందు నిలబడి తెలుసుకున్నాడు. నెత్తి నెరిశాక తెలిసింది.

మర్నాడే ప్యాసింజరు ఎక్కి వికారాబాద్ పోయాడు. రైల్లో ఖాళీ ఉన్నా కూర్చోలేదు, తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. పింఛన్ కాగితాలు చూసే గుమాస్తా పేరు బాల్‌రాజ్. కోపం లేని మనిషి, తొందర అంతకన్నా లేదు. కాగితాల కట్ట విప్పి వెతికి, జంగమ్మది దొరకబట్టాడు.

"ఉన్నది ఉన్నది. గని దీన్ల ఒక మెలిక పడ్డది పెద్దాయనా. మా విచారణల తేలింది, ఈమె తాండూరుల ధర్మగింజలకు గూడ పేరిచ్చిందంట గద?"

"ఇచ్చింది. గని వాళ్ళు ఇయ్యలే."

"ఇయ్యము అన్నరా?"

"అనలే. మీ పింఛన్ సంగతి తేలినంక చూస్తమన్నరు."

"గదే మరి. ఇక్కడ రాసున్నది చూడు, ఏ ఆధారం లేనోళ్ళకే ఇయ్యాలె అని. వాళ్ళు గింజలిస్తే ఈమెకు ఆధారమున్నట్టయితది. గందుకే అది తేలేదాంక సాహెబు దీన్ని ఆపి పెట్టుమన్నడు. అది తేలనీయి, ఇది రెండు రోజుల పని."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననియ్యదు అంటే ఇదే కదా! వాళ్ళు వీళ్ళ ముఖం చూస్తున్నారు, వీళ్ళు వాళ్ళ ముఖం చూస్తున్నారు. ఇద్దరి మధ్యా పట్టాల పక్కన గుడిసెలో ఒక ముసలిది పస్తు పడుకుంటోంది. భీమప్పకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఎవరి మీద అరవాలి? బాల్‌రాజ్ మర్యాదగా మంచినీళ్ళు కూడా ఇప్పించాడు. భీమప్ప ఆ నీళ్ళు తాగలేదు. స్టేషన్‌కు వచ్చి, రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నాడు.

దిగిన వెంటనే జంగమ్మ దగ్గరికి పోయాడు. కడుపులో ఉన్నదంతా ఆమె ముందు కక్కాడు.

"పింఛనోళ్ళేమో గింజలు తేలాలె అంటున్నరు, గింజలోళ్ళేమో పింఛన్ తేలాలె అంటున్నరు. రెండు దిక్కుల నీ పేరుండవట్టే గింత పరేషాన్. ఒకటి ఇడిస్తే గని రెండోది కదిలేటట్టు లేదు అత్తా!"

విసుగులో అన్నాడు. తర్వాత ఆ మాటే ఆయన్ని జీవితమంతా నమిలింది. అప్పుడు మాత్రం ఏమీ అనిపించలేదు.  జంగమ్మ బుగ్గలు లోపలికి పోయాయి, చేతి ఇత్తడి కడియాలు మోచేతి దాకా జారుతున్నాయి. భీమప్ప ఆమె వైపు చూడలేకపోయాడు.

"రేపు తాండూరు పోతున్న. సేటుతోని కొట్లాడైనా సరే నీ పేరు పట్టిస్త" అని చెప్పి లేచాడు.

రాత్రంతా వాదనలు కూర్చుకున్నాడు. సేటు ఇట్లా అంటే నేను అట్లా అంటాను, వాడు అది ఎత్తితే నేను ఇది ఎత్తుతాను. తెల్లారి మిల్లు దగ్గరికి వెళ్ళి, రాధాకిషన్ ఎదురుగా నిలబడేసరికి కూర్చుకున్న వాదనల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

"సేటు, నాడు నేను చెప్పింది తప్పు. జంగమ్మకు ఉన్నట్టే అన్న. లేదు. వస్తదో రాదో దేవునికెరుక. ఇయ్యాల ఆమె కుండల ఏమున్నదో గదే లెక్క పట్టాలె. కుండల ఏం లేదు. నా మాట నేను కొట్టేసుకుంటున్న."

రాధాకిషన్ పెన్ను కింద పెట్టాడు. "మరి రేపు పింఛన్ వస్తే?"

"వచ్చిన దినం నేనే వచ్చి ఆమె పేరు తీపిస్త. గప్పటిదాంక తిననీయి సేటు, చచ్చిపోతది."

కొట్లాటకు సిద్ధపడి వచ్చినవాడికి కొట్లాట దొరకలేదు. రాధాకిషన్ తల ఊపి, అక్కడికక్కడే పేరు రాసేశాడు.

"గీ మాట నాడే అనుంటే నాడే ఇస్తుంటిమి కదా భీమప్పా. ఉన్నట్టా లేనట్టా అని నేను అడిగింది నిన్నే. నువ్వు ఉన్నట్టే అన్నవు, నేను నమ్మిన."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. సేటు దెప్పిపొడుపుగా అనలేదు, ఉన్నదే అన్నాడు. అది ఇంకా ఎక్కువ నొప్పి. అయినా గింజలు చేతికొచ్చాయి కదా! జొన్నల మూట భుజాన వేసుకుని రైలెక్కిన భీమప్ప ఆ ఎండాకాలంలో మొదటిసారి నవ్వుకున్నాడు. పక్కనున్న తెలియని మనిషికి కూడా, "మా అత్తకు గింజలు" అని చెప్పాడు. ఆ మనిషి మంచిదన్నాడు.

ఊళ్ళోకి వచ్చేసరికి జంగమ్మ గుడిసెకు తడక కట్టి ఉంది. హన్మమ్మ ఎదురొచ్చింది.

"పొద్దుగాల్నే పోయింది. ఎటు పోతున్నవంటే వికారాబాద్ అన్నది. ఎన్నడు ఒక్కతి రైలెక్కని మనిషి! వద్దని చేతులు పట్టుకున్న, ఇనలే."

"ఎందుకట?"

"చెప్పలే. జర పని ఉన్నది, ఒకరి మాట వాళ్ళకిచ్చి రావాలె అన్నది."

భీమప్ప భుజం మీది మూట జారి నేల మీద పడింది. ఆయనకు అర్థమైపోయింది. హన్మమ్మకు అర్థం కాలేదు.

కురుమల్లో ఇంకో కట్టుబాటుంది. పొరపాటున ఒకే మందను ఇద్దరు రైతులకు ఒప్పుకుంటే, ఊరికే ఒకరి దగ్గర కట్టేసి రెండోవాణ్ణి ఎగ్గొట్టకూడదు. ఆ రెండోవాడి గడప దాకా స్వయంగా పోయి, "నీ మాట నీకే ఇస్తున్న, నా మాట నాకియ్యి" అని అడిగి తెచ్చుకోవాలి. కబురు పంపితే చెల్లదు, మనిషి పోవాలి. అట్లా అడగకుండా మంద కట్టినవాడి పరువు కాగ్నాలో కలిసినట్టే. జంగమ్మ ఆ పద్ధతిలోనే పుట్టి పెరిగింది. ఒకటి విడిస్తే గాని రెండోది కదలదని భీమప్పే చెప్పి వచ్చాడు. ఏది విడవాలో ఆమె ఎంచుకుంది.

సాయంత్రం బండికి దిగి, పట్టాల వెంట నడిచి వచ్చింది జంగమ్మ. రెండడుగులకొకసారి ఆగుతోంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"అయిపోయింది కొడకా, ఇగ నీకు పరేషాన్ లేదు. వాళ్ళ మాట వాళ్ళకిచ్చొచ్చిన. గా బాల్‌రాజ్ సారు వద్దు వద్దంటనే ఉన్నడు. కాళ్ళు పట్టుకుని కాయితం రాపిచ్చి వేలిముద్ర ఏసిన. ఇగ నా పేరు ఒక్క దిక్కే ఉన్నది. సేటుకు చెప్పు, ఇప్పుడన్న గింజలిస్తడు."

భీమప్ప జొన్నల మూట తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టాడు. "ఇచ్చిండు" అన్నాడు.  పిచ్చి సంతోషంతో ఆమె జొన్నలు దోసిట్లోకి తీసుకుని చూసుకుంది. హన్మమ్మ పొయ్యి రాజేసి గటక వండింది. జంగమ్మ రెండు ముద్దలు తిని, కడుపు పట్టడం లేదని ఆపి, సిగ్గుపడి నవ్వింది.

మర్నాడు భీమప్ప మళ్ళీ వికారాబాద్ పోయాడు. పోకుండా ఉండగలడా? బాల్‌రాజ్ ఈసారి నిజంగానే బాధపడ్డాడు.

"నేను జెప్పిన పెద్దాయనా. రెండు రోజులు ఆగు, సాహెబుతోని నేనే మాట్లాడుత అన్న. వినలే. ఏడ్చుకుంట కూసున్నది. మా ఇంట్ల మాట తప్పినోళ్ళు లేరు అంటది. నాకేం సమజ్ కాలే. రాసిచ్చిన. పోంగ నన్ను దీవించి పోయింది."

"మల్ల పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు. గని కొత్తగ పెట్టాలె, కొత్తగ విచారణ గావాలె. తనంత తాను వద్దన్నది గనుక వచ్చే ఏడు దరఖాస్తులల్లనే తీసుకుంటరు. జర ఆగినా అయిపోయేది."

రెంటికీ చెడ్డ రేవడి బతుకు కాలేదు కదా, ఒకటి దొరికింది కదా అని భీమప్ప తనకు తాను సర్దిచెప్పుకుంటూ వచ్చాడు. ఆ సర్దుబాటు రెండు వారాలు కూడా నిలవలేదు. ఒక రోజు గింజలు ఇవ్వడానికి పోతే, జంగమ్మ చాటలో జొన్నలు చెరుగుతూ మామూలుగా అడిగింది.

"కొడకా, గీ గింజలు ఎన్నడిదాంక ఇస్తరు?"

భీమప్ప ఆమె ఎప్పుడూ అడగనిది, తాను ఎప్పుడూ చెప్పనిది ఇదొక్కటే అని అప్పుడు గ్రహించాడు. ఊళ్ళో అందరికీ తెలుసు, ఆమెకూ తెలిసే ఉంటుందనుకున్నాడు.

"కరువు గింజలు గద అత్తా. వానలు పడేదాంక."

చేతిలో చాట ఆగింది.

"గంతేనా? నేను సచ్చేదాంక అనుకున్న" అంది. కాసేపటికి మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. "పోనీ తియ్యి. గప్పటిదాంక తింట."

అక్కడినుంచి భీమప్ప పడ్డ యాతన అంతా ఇంతా కాదు. తరతరాలుగా ఆకాశం చూసి బతికిన వంశం. ఎండాకాలంలో మబ్బు కనిపిస్తే దండం పెట్టే చేతులు. ఇప్పుడు పడమట చిన్న మబ్బు పొడిస్తే ఆ చేతులు పైకి లేచేవి కావు. మబ్బు విడిపోతే హమ్మయ్య అనుకునేవాడు. అనుకున్న మరుక్షణమే కన్నడం వైపు ఎక్కడో ఎండుగడ్డి కోసం తిరుగుతున్న తన మందా, కొడుకూ గుర్తొచ్చి, ఛీ నా పాపిష్టి బుద్ధి అని తలకొట్టుకునేవాడు. వాన పడకూడదని కోరుకునే కురుమ లోకంలో ఎక్కడైనా ఉంటాడా? పడుకుంటే లేచేవాడు, లేస్తే తిరిగేవాడు. పడమటి దిక్కు చూసి, ఆ వెంటనే ఊరి చివరి గుడిసె వైపు చూసేవాడు. ఎవరు పలకరించినా ఊఁ ఊఁ అని సాగిపోయేవాడు. "గీయనకు గాలి సోకింది" అని హన్మమ్మ ఎల్లమ్మకు మొక్కుకుంది.

వికారాబాద్ ఆఫీసుకు ఇంకోసారి పోయాడు, లాభం లేదు. తాండూరు పోయి, జంగమ్మ ఒక్కతెకు తర్వాత కూడా ఇవ్వరాదా సేటూ అని అడిగాడు. రాధాకిషన్ కాదనలేదు, ఔననలేదు. "పోగుచేసినవి ఐపోతయి భీమప్పా, నేనెక్కడినుంచి తేవాలె? ఈమెకిస్తే కాశమ్మకు వద్దంటవా?" అన్నాడు. భీమప్ప కాశమ్మకు వద్దని ఎట్లా అంటాడు? తిరిగి రైలెక్కాడు.

మిరుగు, అంటే మృగశిర కార్తె, రానే వచ్చింది. ఆ మధ్యాహ్నం పడమటి నుంచి నల్లగా కమ్ముకొచ్చి, ఊరి మీద ఒక్కసారిగా విరుచుకుపడింది. ఏళ్ళ తరబడి చూడని వాన. ముసలీ ముతకా పిల్లా జెల్లా వీధిలోకి ఉరికారు. ఎంకయ్య దుకాణం వదిలేసి చొక్కా విప్పి తడుస్తున్నాడు. హన్మమ్మ కుండలన్నీ చూరు కింద పెట్టి, "వచ్చినవా తల్లీ, ఇన్నొద్దులకు మేమున్నమని యాదికొచ్చినమా!" అని వానను తిడుతూ నవ్వుతోంది.

భీమప్ప చూరు కింద గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గింజలు ఆగిపోతాయి. చలికాలం దాటి ఉన్ని కత్తిరించేదాకా కదురు కదలదు. పింఛన్ వచ్చే ఏడు మాట. మధ్యలో ఆ ముసలిది ఏం తింటుంది, ఎవరి గిన్నె ముట్టుకుంటుంది?

గొంగడి నెత్తిన కప్పుకుని, నీళ్ళలో కాళ్ళు ఈడ్చుకుంటూ జంగమ్మ వచ్చింది. ముఖమంతా తడిసింది.

"భీమప్పా, ఇగ మల్లప్ప వస్తడు! మంద వస్తది! గడ్డి మస్తు లేస్తది సూడు!"

భీమప్ప తల ఎత్తలేదు. జంగమ్మ నవ్వు ఆపి దగ్గరికి వచ్చింది.

"గదేం మొఖం? వాన గురుస్తుంటే ఎవడన్న గట్ల మొఖం పెడ్తడా? నాకెరుక లేదనుకున్నవా? మబ్బు వట్టినప్పుడల్ల నువ్వు నా గుడిసె దిక్కు సూస్తుంటివి. సూస్తనే ఉన్న నేను గూడ. నా ఒక్క కడుపు కోసం ఊరంత ఎండాల్నా? గా పాపం నా నెత్తిన ఎందుకు పెడ్తవు కొడకా?"

భీమప్ప ఏడ్చాడు. ఆడవాళ్ళు చూస్తున్నారని కూడా చూసుకోలేదు.

"నా నోటితోనే పోగొట్టిన అత్తా. రెండు దిక్కుల నేనే పోగొట్టిన."

"పోగొడితివి. ఏం జేద్దామంటవు ఇప్పుడు? ఊకో. జర ఇవతలికొచ్చి తడువు, ఇన్నొద్దుల సంది ఎండితివి."

జంగమ్మ ఆయన మణికట్టు పట్టుకుని లాగింది. ఆ చేతిలో బలమేమీ లేదు. ఆమెను పడనివ్వకుండా పట్టుకోవడానికి భీమప్పే వానలోకి దిగాడు.